తల్లిజత

పై అరలోంచి ఇడ్లీ పాత్ర దించబోతుంటే సువర్చల నడుం ఒక వేలెడు వెనక్కి జరిగింది, ఎడమ మడమ గచ్చుకి అదుముకుంది, ఆ తరవాతే చేతులు పైకి లేచాయి. ఈ మూడింటిలో ఆమె స్వయంగా చేసింది చేతులెత్తడం ఒక్కటే. మిగతాది నిలకడపట్టీ చూసుకుంది.

మంగళగిరిలో పట్టీ లేని నడుం కనబడి ఎనిమిదేళ్ళయింది. చెయ్యెత్తాలని మనిషి అనుకున్నాక, చెయ్యి లేచే లోపే, కాళ్ళూ వెన్నూ గుట్టుగా సర్దుకుంటాయి. అలా సర్దుకోకపోతే మన చేతి బరువుకి మనమే ముందుకు తూలిపడతాం. పుట్టిన ఏడాదికి నేర్చుకుని అరవయ్యేళ్ళకి మరిచిపోయే ఈ విద్యకి శాస్త్రజ్ఞులు 'ముందుసర్దు' అని పేరు పెట్టారు. నడుం నుంచి వెన్ను వెంట మెడదాకా పోయే ఈ పట్టీ చేసేదల్లా, ఒంట్లో బయలుదేరిన ఆ కబురుని దారిలోనే విని, సర్దుబాటుని ఇంకాస్త ముందుగా, ఇంకాస్త గట్టిగా జరిపించడం. దాంతో ముసలివాళ్ళు పడటం మానేశారు. బస్సుల్లో ఎవరూ కడ్డీ పట్టుకోవడం లేదు. నడుం నొప్పి అనేది లేకుండా పోయేసరికి ఆడవాళ్ళ కబుర్లలో సగం విషయం కరువైపోయి, పాపం, ఆ ఖాళీని కోడళ్ళతో నింపుకోవలసి వచ్చింది.

"అమ్మా, ఆవిడ పదకొండుకి వస్తుంది. ఇప్పుడు ఇడ్లీలేంటి?" అంది నీల వంటింటి గుమ్మంలోంచి.

"ఇంటికొచ్చిన మనిషిని ఉత్త కాఫీతో పంపిస్తామా? నువ్వు మూడుసార్లు తప్పిన పరీక్ష. ఆవిడ కడుపు చల్లగా ఉంటే చెయ్యి కూడా చల్లగా ఉంటుంది."

"దాన్ని లంచం అంటారు."

"చట్నీ చేస్తే లంచం. ఇడ్లీ, పొడీ మర్యాద."

నీల నవ్వింది గానీ ఆ నవ్వు మొహం మీద ఎక్కువసేపు నిలవలేదు. సాయంత్రం అయిదు గంటలతో గడువు ముగుస్తుంది. మోతదళంలో ఉద్యోగం వచ్చింది ఆమెకి. ముప్ఫై నలభై అంతస్తుల భవనాల్లో లిఫ్టులు ఆగిపోయినప్పుడు రోగుల్ని స్ట్రెచరు మీద మెట్లు దించే దళం అది. పందొమ్మిదేళ్ళ పిల్ల, పరుగులో మొదటి స్థానం, బరువులో రెండో స్థానం. అన్నీ అయ్యాయి. జతపత్రం ఒక్కటే లేదు.

జతపత్రం ఎందుకు పుట్టిందంటే, పట్టీలు వచ్చిన కొత్తలో తెనాలిలో ఒక పెళ్ళిలో ఇద్దరు బావమరదులు సాంబారు గుండిగ ఎత్తబోయారు. ఒక్కొక్కరి పట్టీ ఆ బరువంతా తన యజమానిదే అనుకుని పూర్తిగా సర్దుకుంది. ఇద్దరూ చెరోవైపుకి ఎగిరి పడ్డారు, సాంబారు మగపెళ్ళివారి మీద పడింది. ఆ పెళ్ళి ఏమయిందో గానీ, ఇద్దరు కలిసి చేసే ఏ పనికైనా ముందు వాళ్ళ పట్టీలు ఒకదాని సంగతి ఒకదానికి చెప్పుకోవాలని చట్టం వచ్చింది. అందరికీ మొదటి జత తల్లితోనే. లోకంలో ఏ రెండు ఒళ్ళకంటే కూడా తల్లీబిడ్డల ఒళ్ళు తేలిగ్గా కుదురుతాయని లెక్క. నూటికి తొంభైతొమ్మిది మందికి తల్లిజత మొదటిసారే కుదిరింది. ఆ మిగిలిన ఒక్కరు తన కూతురు కావడం సువర్చలకి తలవంపులుగా ఉంది. ఆమె ఇంతవరకూ పప్పు కూడా మాడబెట్టి ఎరగదు.

పరీక్షకురాలు సలోమి సరిగ్గా పదకొండుకి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మనిషి నిదానం. ఆరు ఇడ్లీలు తిని, "చట్నీ లేదాండీ?" అని అడిగింది.

"మా అమ్మాయి వద్దందండీ. నిజాయితీ ఎక్కువ" అంది సువర్చల.

సువర్చల భర్త పానకాలరావుకి పెద్దబజారులో చీరల కొట్టు. పరీక్షకని కొత్త నేత చీర ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. జత పరీక్ష చీరతోనే చేస్తారు. మొదట్లో ఇంజనీర్లు ఇనపకడ్డీలూ ఇసక బస్తాలూ పెట్టి ఏడాది తంటాలు పడ్డారట. చివరికి వాళ్ళ ఆఫీసులో టీ ఇచ్చే ఒకావిడ, "ఇద్దరి చేతా ఒక చీర మడత పెట్టించండయ్యా, ఎవరెలాంటివాళ్ళో తెలుస్తుంది" అందట. అప్పటి నుంచీ అదే ఆరుగజాల పరీక్ష. చెరో కొసా పట్టుకోవాలి, లాగాలి, విదిలించాలి, దగ్గరికి నడవాలి. తల్లి కుడిచెయ్యి తలకంటే పైకెత్తి అంచు సరిచేస్తుంది, కూతురు ఆ అంచు అందుకుంటుంది. లాగినప్పుడు అవతలి మనిషి ఎంత బలంగా లాగబోతోందో ఇవతలి నడుముకి ముందే తెలియాలి.

సలోమి బల్ల మీద ఒక పలక లాంటి పరికరం నిలబెట్టింది. దానికి రెండు దీపాలు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ.

తల్లీకూతుళ్ళు చీర లాగారు. విదిలించారు. గంజి వాసన గదంతా లేచింది. ఇద్దరి నడుములూ ఒకే క్షణంలో వెనక్కి వాలి, ఒకే క్షణంలో నిటారయ్యాయి. చూడముచ్చటగా ఉంది. దగ్గరికి నడిచారు. సువర్చల అంచు సరిచేయడానికి కుడిచెయ్యెత్తింది.

ఎర్ర దీపం వెలిగింది.

"చూశారా, ఇదే వరస!" అన్నాడు పానకాలరావు. "మూడుసార్లూ ఇక్కడికొచ్చే సరికే ఆగిపోయింది. పట్టీ మార్చాం. చీర మార్చాం. ఇంక మార్చనిది వీళ్ళమ్మనే."

"ఆ అవకాశం మీకు పాతికేళ్ళ కిందటే అయిపోయింది" అంది సువర్చల.

సలోమి నవ్వలేదు. పలక మీద ఏదో చూస్తోంది. "అమ్మాయి పట్టీ జ్ఞాపకం తెరవొచ్చా? పరీక్షాకేంద్రంలో తెరవరు, రద్దీ కదా. మీరు సరేనంటేనే."

"తెరవండక్కా" అంది నీల. "అందులో ఏముంటుంది, నేనెన్నిసార్లు వంగానో ఉంటుంది."

సలోమి కాసేపు చదివింది. తరవాత పానకాలరావుని పిలిచింది. "మీరు అమ్మాయి ఎదురుగా నిలబడి కుడిచెయ్యి పైకెత్తండి." అతను ఎత్తాడు. ఏమీ కాలేదు. సలోమి తను ఎత్తింది. ఏమీ కాలేదు. సువర్చలని ఎడమచెయ్యి ఎత్తమంది. పలక మీద గీత కాస్త వణికి ఊరుకుంది. "ఇప్పుడు కుడిదెత్తండి, ఊరికే." గీత గోడలా నిలువుగా లేచింది. ఎర్ర దీపం.

"చీర పక్కన పెట్టి, ఆ ఫ్యాను మీట నొక్కండి సువర్చల గారూ." సువర్చల మీట కోసం చెయ్యెత్తింది. ఎర్ర దీపం. "జుట్టు సర్దుకోండి." ఎర్ర దీపం. ఈసారి ఆమె చెయ్యి పూర్తిగా లేవనేలేదు, సగంలో ఉండగానే వెలిగింది.

"నా చేతిలో ఏమన్నా కరెంటుందంటారా?" అంది సువర్చల.

"చేతిలో కాదండీ." సలోమి ఆమె పాదాలకేసి చూసింది. "మీరు కుడిచెయ్యెత్తే ముందు మీ ఎడమ మడమ నేలకి అదుముకుంటుంది. అందరికీ అంతే. మీకు కొంచెం ఎక్కువ. మీ అమ్మాయి ఒళ్ళు చూస్తోంది మీ చేతిని కాదు, ఆ మడమని. అది అదిమిందంటే చెయ్యి వస్తోందని దానికి తెలుసు. చెయ్యి వచ్చేలోపు అది సిద్ధమైపోతోంది."

"మంచిదే కదండీ! పరీక్షకి కావలసింది అదేగా, ముందే తెలియడం" అన్నాడు పానకాలరావు.

"తెలియడం మంచిదేనండీ. దేనికి సిద్ధమవుతోందో అదే…" సలోమి మాట మింగి, పలకని వాళ్ళవైపు తిప్పింది.

తెర మీద ఒక బూడిదరంగు బొమ్మ ఉంది. కళ్ళూ ముక్కూ లేవు, ఒట్టి ఆకారం. పట్టీ సవరించకపోతే ఆ క్షణంలో నీల ఒళ్ళు ఎలా నిలబడి ఉండేదో దాని చిత్రం. ఎడమ భుజం చెవిదాకా లేచింది. గడ్డం రొమ్ములోకి దిగింది. మోచేయి మొహానికి అడ్డం రాబోతోంది. బరువంతా కుడికాలి మీద ఉంది, ఎడమ వైపు నుంచి ఏదో వచ్చి తగలబోతున్నట్టు.

ఆ బొమ్మ ఏమిటో తెలుసుకోవడానికి శాస్త్రం చదవనక్కర్లేదు. పట్టీలు రాకముందు మంగళగిరిలో ఏ బడి ముందు నిలబడినా కనిపించిన బొమ్మే.

"దీన్ని మేం జంకు అంటాం" అంది సలోమి మెల్లిగా. "పట్టీ దీన్ని ఎప్పటికప్పుడు సరిచేసి మనిషిని నిటారుగా నిలబెడుతుంది. అందుకే మీకెప్పుడూ కనపడలేదు. జత పరీక్షలో మాత్రం పలక ఆ సవరింపుని లెక్కలోకి తీసుకోదు. ఒంట్లో ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది."

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు పానకాలరావు.

"పట్టీ కట్టిన మొదటి రోజు నుంచీ ఉందండీ. ఇప్పటికి లక్షా పదహారు వేల చిల్లర."

పానకాలరావు అంకెలు వింటే ఏదో ఒక చమత్కారం ఆడకుండా ఉండలేడు. అప్పుడు మాత్రం పక్కన పెట్టిన చీరని దగ్గరికి లాక్కున్నాడు.

"నేను నా పిల్ల మీద చెయ్యి వేసి ఎరగను" అంది సువర్చల. గొంతు కొంచెం పెద్దదయింది. "మా వీధిలో ఎవర్నైనా అడగండి. ఏవండీ, చెప్పండి."

పానకాలరావు చీర అంచు సవరించాడు. "అంటే… అసలు వెయ్యలేదని కాదనుకో."

"ఒకటో రెండో వేసుంటాను. పిల్లలన్నాక. అన్నం తినకుండా పరిగెత్తేది. ఒకసారి రోడ్డు మీదికి పోయింది, లారీ వస్తోంది, అప్పుడు వేశాను. దానికి లక్షా పదహారు వేలా?"

"అమ్మా, వదిలెయ్." నీల గొంతులో కోపం లేదు. పాత సినిమా కథ చెబుతున్నట్టుంది. "లెక్కలప్పుడు కొట్టేదానివి కదా. ఎక్కాలు తప్పితే. అందరమ్మలూ కొట్టేవాళ్ళే. పక్కింటి ప్రణవిని వాళ్ళమ్మ స్కేలుతో కొట్టేది, నువ్వు చేత్తోనే. నీది చాలా నయం."

"రోజూనా?" అంది సువర్చల.

నీల ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, తల్లికి అన్యాయం జరగకూడదని. "ఆదివారం లెక్కలుండేవి కావు."

సువర్చల బల్ల పట్టుకుంది. పట్టుకోవలసిన అవసరం లేదు, పట్టీ ఉంది. అయినా పట్టుకుంది. ఎక్కాలు గుర్తున్నాయి. వంటింట్లో పీట మీద కూర్చున్న రెండు జడల పిల్ల గుర్తుంది. ఏడో ఎక్కం దగ్గర ఎప్పుడూ తడబడేది, అదీ గుర్తుంది. చెయ్యి మాత్రం గుర్తులేదు. ఎంత వెతికినా ఆ వంటింట్లో తన మాటే వినిపిస్తోంది తప్ప చెయ్యి కనిపించడం లేదు.

"మరెప్పుడు మానేశాను?"

"ఆరో తరగతిలో. పట్టీ వచ్చింది కదా అప్పుడు." నీల తండ్రివైపు చూసి నవ్వింది, అతను నవ్వుతాడేమోనని. "దెబ్బ పడితే నేను ఊగేదాన్ని కాదు, స్తంభంలా నిలబడిపోయేదాన్ని. అమ్మ చెయ్యే పట్టేసింది. నెలరోజులు కట్టు కట్టుకుంది, గుర్తులేదా నాన్నా?"

కట్టు అందరికీ గుర్తుంది. ఆ దసరాకి జంతికల గొట్టం తిప్పీ తిప్పీ మణికట్టు బెణికిందని సువర్చల ఊరంతా చెప్పుకుంది. గొట్టం కూడా మార్పించింది. ఆమె ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఎనిమిదేళ్ళుగా మనస్ఫూర్తిగా ఆ గొట్టాన్నే తిట్టుకుంటోంది.

"ఇప్పుడు నన్ను చూస్తే భయమా నీకు?"

"ఛీ, భయమేంటమ్మా! నిన్న నీ బీరువాలోంచి చీర తీసుకుని అడక్కుండా కట్టుకున్నా. భయముంటే కట్టుకుంటానా?" నీల వచ్చి తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. "నాకేం లేదు. ఒంటికి తెలివి లేదంతే. సలోమక్కా, దీనికేదో ఉందంటారు కదా, జంకుకట్టు. అది వేసెయ్యండి. అయిదింటికి పత్రం పంపాలి."

సలోమి సంచీలోంచి వేలెడు వెడల్పు పట్టీ ముక్క తీసింది. "ఉంది. చట్టప్రకారం తప్పేం కాదు. ఒంట్లో బయలుదేరిన జంకుని మెడ దగ్గరే ఆపేస్తుంది, మెడ కిందికి దేన్నీ కదలనివ్వదు. చాలామంది పరీక్షకి ముందే వేయించుకుని వస్తారు. పెళ్ళిచూపులకి ముందు కూడా వేయించుకుంటున్నారు ఈ మధ్య." ఆమె సువర్చలకేసి తిరిగింది. "జతలో ఇద్దరూ ఒప్పుకోవాలండీ."

"వెయ్యకపోతే?"

"ఉద్యోగం రాదు. మెట్ల మీద స్ట్రెచరుతో ఉన్నప్పుడు ఒకరు జంకితే ఆ కబురు రెండోవాళ్ళ పట్టీకీ పోయి, రోగితో సహా అందరూ దొర్లుతారు. వాళ్ళ భయం వాళ్ళది."

"అది కాదండీ. వెయ్యకుండా పోగొట్టడానికి ఏమీ లేదా? నేను ఎత్తే ముందు చెప్పి ఎత్తితే? మెల్లిగా ఎత్తితే? రోజూ ఎత్తి చూపించి, ఏమీ లేదు తల్లీ అని చెబితే?"

"పోవచ్చు" అంది సలోమి. "కొన్నేళ్ళు పట్టొచ్చు. నాకు తెలీదండీ. అది మాకు నేర్పలేదు."

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. నీల తల్లి మొహంలోకి చూస్తోంది. చిన్నప్పుడు ఐస్‌క్రీం బండి దగ్గర నిలబడి చూసిన చూపే. "అమ్మా, ప్లీజ్. పరుగు కోసం రెండేళ్ళు తెల్లారుజామున లేచాను. నువ్వే లేపేదానివి."

"వెయ్యండి" అంది సువర్చల.

సలోమి ఆ ముక్కని నీల మెడ వెనక, జడ కింద, పట్టీ పై కొసకి తగిలించింది. చిన్న చప్పుడయింది. నీల భుజాలు రెండు మూడుసార్లు కదిపి చూసుకుని, "బానే ఉంది, చల్లగా ఉంది" అంది.

మళ్ళీ చీర అందుకున్నారు. సువర్చల తన కొస పట్టుకుని వెనక్కి నడుస్తూ, ఇన్నేళ్ళూ ఎప్పుడూ చూసుకోని తన ఎడమ మడమని చూసుకుంది. లాగారు. విదిలించారు. గంజి పెట్టిన నేత ఫట్‌మని మోగింది. ఒకరికొకరు ఎదురుగా నడిచారు, ఆరు గజాలు, మూడు గజాలు, ఒక గజం.

జానెడు దూరంలో ఆగారు. కూతురు తనకంటే పొడుగైందని సువర్చల అప్పుడే గమనించినట్టు తల పైకెత్తి చూసింది. అంచు సరిచేయాలి. నీల సిద్ధంగా ఉంది. సువర్చల "ఎత్తుతున్నానమ్మా" అంది.

"చెప్పక్కర్లేదమ్మా. ఎత్తు."

మడమ అదిమింది. చెయ్యి లేచింది.

నీల కదల్లేదు. భుజం లేవలేదు, గడ్డం దిగలేదు, మోచేయి అంగుళం కూడా జరగలేదు. దీపస్తంభంలా నిలబడింది. చెయ్యి చాచి అంచు అందుకుంది. ఆకుపచ్చ దీపం వెలిగింది. "జత కుదిరింది" అంది పలక తియ్యటి గొంతుతో. పానకాలరావు పెద్దగా చప్పట్లు కొట్టి, ఎవరూ కలవకపోవడంతో ఆపేశాడు. అతను దీపాన్ని చూస్తున్నాడు. సలోమి పత్రం మీద సంతకం చేస్తోంది.

సువర్చల ఒక్కతే కూతురి మొహం చూస్తోంది.

నీల రెండు కళ్ళూ మూసుకుని ఉన్నాయి. మామూలుగా కాదు, కనుబొమల మధ్య ముడత పడేంత, రెప్పల వెంట్రుకలు లోపలికి పోయేంత గట్టిగా. మెడ కిందినుంచి అరికాలిదాకా ఆ పిల్ల ధైర్యంగా, ప్రభుత్వం మెచ్చుకునేంత స్థిరంగా నిలబడి ఉంది. పెదాల మీద ఇందాకటి నవ్వు కూడా ఇంకా ఉంది.

"అయిపోయిందండీ" అంది సలోమి కాగితం మీంచి తల ఎత్తకుండా. "ఇంక చెయ్యి దించెయ్యొచ్చు."

కళ్ళు తెరుచుకోలేదు. అవి ఎదురు చూస్తున్నాయి.

సువర్చల చీర అంచు పట్టుకున్న చేతిని అలాగే పైన ఉంచి నిలబడిపోయింది. చెయ్యి నొప్పెట్టదు, ఎంతసేపైనా పట్టీ మోస్తుంది. దించాలి. కానీ ఎంత మెల్లిగా దించినా, ఆ చెయ్యి వచ్చేది పైనుంచి కిందికే.